నీలామ్‌లో దొరికేది బస్సేనా?

మా బంధువుల్లో నలుగురు కుర్రాళ్లకి కొత్త షౌక్ పట్టుకుంది. ఇద్దరు గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు. ఒకడు కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాడు. ఇంకొకడు టెక్కలి గ్రానైట్ లారీ నడుపుతాడు. ఆర్టీసీ తీసేసిన పాత బస్సు ఒకటి ఆన్‌లైన్ వేలంలో పాడుకుంటారట. పాత రంగు అలాగే ఉంచి, లోపల సీట్లు మార్చి, ఉద్దానం తీరమంతా టూరిస్టులను తిప్పుతారట. తేలినీలాపురం పక్షులు, భావనపాడు సముద్రం, మందస గుడి, కవిటి కొబ్బరితోటలు, బారువ లైట్‌హౌస్. ఉర్సు రోజుల్లో మనవాళ్లని కళింగపట్నం దర్గాకి, విశాఖలో ఇషాక్ మదీనా దర్గాకి జియారత్‌కి తీసుకెళ్తారట. పేరు కూడా పెట్టేశారు, 'వింటేజ్ టూర్ బస్' అని.

ఖయాల్ అందంగా ఉంది, కాదనను. మన జిల్లాలో మనం బహు కొద్దిమందిమి. ఒక వలీమాకో, ఒక జనాజాకో నలభై మంది కలిసి వెళ్లాలంటే బండి కోసం నాలుగు ఊళ్లు ఫోన్లు చేయాలి. సొంత బస్సు ఉంటే ఎంత ఇజ్జత్! కానీ ఇందులో పెట్టబోయేది ఇద్దరు వెల్డర్లు ఎడారి ఎండలో పదేళ్లు నిలబడి కూడబెట్టిన కమాయీ. ఎక్కబోయేది మన అమ్మీలు, ఖాలాలు, చంటిపిల్లలు. అందుకే నా రాయ్ ముందే చెప్పేస్తాను. నీలామ్‌లో కొన్న పాత బస్సుని రోడ్డు మీద జనాన్ని ఎక్కించి నడపటం వద్దు. ఒకచోట నిలబెట్టి వాడుకుంటామంటే అది వేరే మాట, దాని గురించి కూర్చుని మాట్లాడుకోవచ్చు.

'వేలం పాట మన దీన్‌లో జాయజేనా భాయ్?' అని మొదట అడిగాడు లారీవాడు. మంచి సవాల్. చిన్నప్పుడు ఉర్దూ మీడియం బడిలో 'నీలామ్' అనే మాట మాకు పాఠంలో వచ్చింది. అది మన ఫార్సీ మాటో అరబ్బీ మాటో అనుకునేవాణ్ణి. కాదట, పోర్చుగీసు ఓడల్లో దిగిన మాట. తెలుగు 'వేలం' కూడా ఆ ఓడల్లోంచే దిగిందనేవాళ్లున్నారు. మాట ఎక్కడిదైనా పద్ధతి మాత్రం ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం చేతుల మీదుగా జరిగిందే. అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాల్లో ఉంది. ఒక అన్సారీ సాయం అడగటానికి వస్తే, ఇంట్లో ఏముందని అడిగారు. ఒక దుప్పటి, నీళ్లు తాగే ఒక గిన్నె ఉన్నాయన్నాడు. వాటిని తెప్పించి అందరి ముందు పాట పెట్టారు. ఒకరు ఒక దిర్హం అన్నారు. ఎవరైనా ఎక్కువ ఇస్తారా అని మళ్ళీ మళ్ళీ అడిగితే ఇంకొకరు రెండు దిర్హములు ఇచ్చారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి, రెండో దానితో గొడ్డలి కొనమన్నారు. ఆ గొడ్డలికి తన చేత్తోనే కర్ర బిగించి, అడవికి పంపారు. కొద్దిరోజుల్లో ఆ మనిషి పది దిర్హములతో తిరిగొచ్చాడు.

కాబట్టి పాట జాయజ్. కానీ ఆ వాకియాలో నన్ను పట్టుకునేది పాట కాదు, గొడ్డలి. వేలం డబ్బుతో కొన్నది మర్నాటి నుంచే రోజీ తెచ్చే పనిముట్టు. దానికి కర్ర ఉందో లేదో, బిగిసిందో లేదో చూసి మరీ ఇచ్చారు. మన కుర్రాళ్లు పాడబోయే బస్సుకి ఆ కర్ర ఉందా?

ముందు ఎవరు అమ్ముతున్నారో చూద్దాం. ఆర్టీసీ పనికిరాదని తీసేసిన బస్సులు, పాత టైర్లు, ఇనుము ఎక్కువగా అమ్ముడయ్యేది ఎంఎస్‌టీసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వెబ్‌సైట్ మీద. 1964లో ఇనుప తుక్కు వ్యాపారం చూసుకోవడానికి పుట్టిన సంస్థ అది. మెటల్ స్క్రాప్ ట్రేడ్ కార్పొరేషన్ అన్నది దాని అసలు పేరు. పేరులోనే స్క్రాప్ ఉంది. మనవాళ్లు పెళ్లికూతురిని వెతుక్కుంటూ కబరస్తాన్ గేటు దగ్గర నిలబడ్డారన్నమాట.

అక్కడి ఖాయిదాలు ఒకసారి ఓపిగ్గా చదవండి. ముందుగా బయానా కట్టాలి. చూసుకోవడానికి ఫలానా తారీఖులని ఇస్తారు, ఆ రోజుల్లో డిపోకో స్టోర్సుకో వెళ్లి చూసుకోవాలి. సరుకు ఎక్కడ ఎలా ఉందో అలాగే, తర్వాత ఏ ఫిర్యాదూ వినరు అని రాసి ఉంటుంది. ఒక లాట్‌లో ఒక్క బస్సే ఉండాలని లేదు. టైర్లు, బ్యాటరీ ఉన్నాయో లేవో లాట్ వివరాల్లో ఉంటుంది, ఫోటోలో కాదు. పాట మీ పేరు మీద ఆగినా అమ్మేవాళ్లు ఒప్పుకుంటేనే ఖాయం అని చాలా లాట్ల మీద షరతు ఉంటుంది. జీఎస్టీ వేరే. గడువులోగా ఎత్తుకుపోకపోతే స్థలం అద్దె వేరే. ఇక అసలు మాట. ఆ బస్సుకి ఆర్సీ ఇస్తారా, లేక తుక్కు కింద ఇస్తారా? తుక్కు కింద అమ్మితే మీరు కొన్నది బస్సు కాదు, బస్సు ఆకారంలో ఉన్న ఇనుము.

మన ఫిఖహ్‌లో 'ఖియారె ఐబ్' అని ఒక హక్కు ఉంది. కొన్న వస్తువులో దాచిపెట్టిన లోపం బయటపడితే వెనక్కిచ్చే హక్కు. ఆ ధైర్యంతో ముందుకెళ్దామనుకుంటే, హనఫీ ఉలమా ఇంకో మాట కూడా చెప్పారు. అమ్మేవాడు 'ఏ లోపానికీ నాది జిమ్మేదారీ కాదు' అని ముందే చెప్పి, కొనేవాడు దానికి ఒప్పుకుని కొంటే ఆ బేరం చెల్లుతుంది. అంటే కోర్టులోనూ, ఖాజీ దగ్గరా జవాబు ఒకటే. కంప్యూటర్‌లో 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కిన వేలు మనది.

ఆ నొక్కే వేలు సంగతి కూడా చెప్పాలి. ఊళ్లో వేలం పాటలో ఎదుటివాడి మొహం కనిపిస్తుంది. ధర పెంచడానికే పాడుతున్నాడా, నిజంగా కొనడానికొచ్చాడా అని అంచనా వేయొచ్చు. కొనే ఉద్దేశం లేకుండా ధర ఎగదోయటాన్ని మన దీన్‌లో 'నజష్' అంటారు, అది మనా చేసిన పని. ఫోన్‌లో ఎదుటివాడు ఒక అంకె మాత్రమే. చివరి నిమిషాల్లో ఎవరైనా పెంచితే టైము ఇంకొంచెం పొడిగిస్తుంది ఆ మెషీను. రాత్రి ఇషా తర్వాత నలుగురు కుర్రాళ్లు ఒక మంచం మీద కూర్చుని, 'ఇంకో ఐదు వేలు, ఇంకో ఐదు వేలు' అనుకుంటూ పోతే ఎక్కడ ఆగుతారో నాకు తెలుసు. నీలామ్‌లో గెలిచినవాడంటే ఎవరు? అందరికంటే ఎక్కువ ధర ఇవ్వడానికి ఒప్పుకున్నవాడు, అంతే. ముందు రోజే ఒక కాగితం మీద ఆఖరి అంకె రాసి, దాన్ని ఇంట్లో అమ్మీ చేతికిచ్చి కూర్చోమన్నాను. నవ్వారు.

ఇప్పుడు 'వింటేజ్' అనే మాట దగ్గరికొద్దాం. మన దేశంలో వింటేజ్ బండికి ఖానూన్ ఉంది. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చారు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. పెద్ద మార్పులేవీ చేయకుండా అసలు రూపంలో ఉండాలి. ఫీజు 20,000 రూపాయలు, నంబరు పలక మీద 'వీఏ' అక్షరాలు. కానీ అది రెండు చక్రాల బళ్లకీ, కార్లకీ మాత్రమే. బస్సు ఆ లిస్టులోనే లేదు. పైగా వింటేజ్ బండిని వ్యాపారానికి తిప్పకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, రిపేరుకో మాత్రమే రోడ్డెక్కాలి. అంటే వింటేజ్ అయితే టూర్ లేదు, టూర్ అయితే వింటేజ్ లేదు. మనవాళ్లు పెట్టిన పేరులోని మూడు మాటలూ ఒకే కాగితం మీద ఇమడవు.

ఇది అన్యాయమే అని నేనూ అంటాను. లండన్‌లో రూట్‌మాస్టర్ అనే ఎర్ర డబుల్ డెక్కర్ 1956లో రోడ్డెక్కింది, 2005 డిసెంబరులో మామూలు రూట్ల నుంచి తప్పుకుంది. వాటిని కొన్నవాళ్లు ఇప్పటికీ పెళ్లిళ్లకి, టూర్లకి తిప్పుతున్నారు. అక్కడ పాత బస్సుని బస్సుగానే బతికించే ఖానూన్ ఉంది. మన కార్ల షౌకీనులు ఢిల్లీ దాకా వెళ్లి రూల్ రాయించుకున్నారు. బస్సెక్కే జనం తరఫున ఎవరూ వెళ్లలేదు. వెళ్లాలి. కానీ రూల్ మారేదాకా మన పిల్లల డబ్బు పణంగా పెట్టనవసరం లేదు.

సరే, వింటేజ్ మాట వదిలేసి మామూలు పాత బస్సుగా నడుపుదామంటే? 2023 ఏప్రిల్ 1 నుంచి ఇంకో రూల్ వచ్చింది. 15 ఏళ్లు నిండిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ ఇక కొనసాగదు. ఆర్టీసీ బస్సులు కూడా అందులోవే. వాటిని రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రాల ద్వారానే వదిలించుకోవాలి. అంత పాతది అయితే మీ చేతికి బస్సుగా వచ్చే దారే మూసేశారు. 15 లోపుది దొరికి, కాగజాత్ కూడా ఉన్నాయనుకోండి. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేని రవాణా బండికి రిజిస్ట్రేషనే చెల్లదని మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ చెబుతుంది. తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 52వ సెక్షన్ చెబుతుంది. సీట్లు పీకి సోఫాలు వేద్దాం, కిటికీలు మూసి ఏసీ పెడదాం, పైన సామాన్ల బదులు జనాన్ని కూర్చోబెడదాం అనే ప్లాన్లన్నీ అక్కడ ఆగుతాయి. ఇవి లేకుండా ఏదైనా హాదసా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు చేతులు దులుపుకోవడానికే చూస్తారు. నష్టపరిహారం యజమాని మెడకి చుట్టుకుంటుంది. నలుగురు యజమానులు, నలుగురి ఇళ్లు.

'ఇన్ని రూల్సు ఎవరు చూస్తారు భాయ్, అందరూ తిప్పటం లేదా' అన్నాడు గల్ఫ్ నుంచి వచ్చినవాడు. ఆ మాటకి నాకు కోపం వచ్చింది. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది పోయారు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు కాలి 19 మంది ప్రయాణికులు నిద్రలోనే, తలుపు దొరక్క కాలిపోయారు. సీట్ల బస్సుగా రిజిస్టరైన దాన్ని పడకల బస్సుగా మార్చారని తర్వాత పేపర్లన్నీ రాశాయి. మన కుర్రాళ్లు మార్చబోయేది కూడా అలాంటిదే, ఇంకా పాతది. ఇర్ఫాన్ అయినా, ఈశ్వరరావు అయినా టికెట్ కొన్న ప్రతి ముసాఫిర్ ప్రాణం డ్రైవరు దగ్గర అమానత్.

ఇంజన్ సంగతికొస్తే నేను భయపెట్టను. ఆ కాలం లేలాండ్, టాటా ఇంజన్లు మొండివి. కంప్యూటర్లు లేని ఇంజన్లు, కాశీబుగ్గ మెకానిక్కుల చేతుల్లో మళ్ళీ లేచి కూర్చుంటాయి. సామాన్లు కూడా దొరుకుతాయి. చచ్చేది ఇంజన్ కాదు, ఒళ్లు. ఉద్దానం గాలిలో ఉప్పుంది. రేకుల కింద, రివిట్ల చుట్టూ, చాసిస్ కమ్మీల లోపల తుప్పు కనపడకుండా తింటుంది. గాలి బ్రేకుల పైపులు, ఎండకి పెళుసెక్కిన వైర్లు, ఇవన్నీ పెయింట్ వేస్తే ముచ్చటగా కనిపిస్తాయి. ఫోటోలో మరీ ముచ్చటగా ఉంటాయి. ఒక ముసలి మెకానిక్‌కి లాట్ ఫోటో చూపిస్తే, అద్దాలు పైకి తోసుకుని, 'ఇది బస్సు కాదు బాబూ, రంగేసిన ఇనుము' అన్నాడు. ఫోటో పైన ఒక్కసారే చూశాడు.

ఇదంతా రాస్తున్నానని పాత బస్సు మీద నాకు ప్రేమ లేదనుకోకండి. అసలు మన తెలుగు నేల మీద నిజమైన వింటేజ్ బస్సు ఒకటుంది. 1932లో నిజాం ప్రభుత్వ రైలు రోడ్డు రవాణా శాఖ 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైంది. ఆనాటి ఆల్బియన్ బస్సు, 'దక్కన్ క్వీన్' అని పేరు, హైదరాబాద్ బస్ భవన్‌లో దాచిపెట్టారు. స్కాట్లాండ్‌లో తయారైన బండి. దాన్ని ఎవరో తుక్కుకి వేయకుండా ఆపారు కాబట్టే ఈ రోజు చూస్తున్నాం. ఆర్టీసీ నంబరు పలకల మీద కనిపించే 'జెడ్' ఏడో నిజాం అమ్మీ జహ్రా బేగం పేరులోదని హైదరాబాద్‌లో చెప్పుకుంటారు. ఉత్తర సర్కార్లు 1766లోనే నిజాం చేతిలోంచి కంపెనీకి పోయాయి. శ్రీకాకుళంలో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు తప్ప ఆ ఫౌజ్‌దారీ కాలం గుర్తులు పెద్దగా లేవు. ఆ అమ్మీ అక్షరం మాత్రం ఆర్టీసీ బస్సెక్కి మళ్ళీ పలాస కాంప్లెక్స్‌కి చేరింది. నాకు ఆ సంగతి తలుచుకుంటే భలే సరదా.

అందుకే నిలబెట్టే బస్సు గురించి మాట్లాడుకుందామన్నాను. కేరళ ఆర్టీసీ 2020లో మున్నార్ డిపోలో పాత బస్సుల్లో పడకలు వేసి, రాత్రికి 100 రూపాయలకి టూరిస్టులకి ఇచ్చింది. అదే ఏడాది కర్ణాటక ఆర్టీసీ బెంగళూరు మెజెస్టిక్‌లో పాత బస్సుని ఆడవాళ్ల టాయిలెట్‌గా మార్చింది. తిరువనంతపురంలో ఒక సర్కారీ బడికి పాత లోఫ్లోర్ బస్సు తరగతి గదైంది. వీటన్నిటిలో ఒక సంగతి గమనించండి. ఎవరూ నీలామ్‌లో పాడుకోలేదు. ఆ ఆర్టీసీలే తమ బస్సుని తుక్కుకి పంపకుండా ఆపి ఇచ్చాయి.

మనకీ అలాంటి చోటు ఒకటుంది. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. ఉద్దానం పల్లెల నుంచి డయాలసిస్‌కి వచ్చేవాళ్లు వారానికి రెండు మూడుసార్లు రావాలి, ఒక్కోసారి నాలుగు గంటలు. లోపల మనిషి మిషను మీద ఉంటే బయట భార్యో, కొడుకో, ముసలి తండ్రో ఎదురు చూస్తూ ఉంటారు. వాళ్లకి నీడ, కూర్చోవడానికి మెత్తటి సీటు, ఒక ఫ్యాను, పక్కన ఒక నీళ్ల డ్రమ్ము. పాత బస్సులో ఇవన్నీ ఇమిడిపోతాయి. నమాజు వేళకి నలుగురు నిలబడే జాగా కూడా ఉంటుంది, పక్కింటి పైడమ్మ కునుకు తీయడానికీ ఉంటుంది. పలాస, టెక్కలి డిపోలు తమ బస్సొకటి తుక్కుకి పంపేముందు ఆపి ఆసుపత్రి ఆవరణకి ఇవ్వాలని ఎమ్మెల్యేకి, ఆర్టీసీకి, ఆసుపత్రి అధికారులకి అర్జీ పెడదాం. దానికి చక్రాలు తిరగనవసరం లేదు, ఫిట్‌నెస్ అక్కర్లేదు. వైరింగ్ మాత్రం మొత్తం పీకి కొత్తది వేయాలి, రెండు తలుపులూ తెరుచుకోవాలి. లోపలి పనికి అయ్యే ఖర్చు మన కుర్రాళ్లు తమ వంతు పెట్టినా, బస్సు కొన్నదానిలో ఒక మూల కూడా కాదు. వెల్డింగ్ వాళ్ల చేతిలో పనే.

బారువ ఇసుక మీద నిలబెట్టి బిర్యానీ అమ్ముదాం అని కూడా ఒక సలహా వచ్చింది. సముద్రం ఒడ్డున అలా పెట్టడానికి తీర నియంత్రణ నిబంధనలు ఒప్పుకోవు. ఆ ఇసుకలోనే చలికాలం చివర్లో తాబేళ్లు గుడ్లు పెడతాయి. రాత్రి లైట్లు చూసి పిల్లలు సముద్రం అనుకుని ఇటు నడిచొస్తాయి. బిర్యానీ ఊళ్లోనే అమ్మండి, కొబ్బరితోటలో అయినా సరే, మీ సొంత నేల మీద.

ఇక టూర్ షౌక్ ఎలాగూ చల్లారదు. తేలినీలాపురంలో పెలికన్లు వేసవి దాకా ఉంటాయి, కళింగపట్నం ఎక్కడికీ పోదు. పర్మిట్ ఉన్న బస్సు ఒకటి ఒకరోజుకి కిరాయికి తీసుకుని, మనిషికింత అని హిసాబ్ వేసి, రెండు మూడు ట్రిప్పులు తిప్పి చూడండి. గిరాకీ ఉందో లేదో అక్కడే తెలిసిపోతుంది, కమాయీలో చేయి పెట్టకుండానే. కిరాయికి తీసుకునేముందు బండి నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి ఫిట్‌నెస్ ఏ తారీఖు దాకా ఉందో చూడండి. ఎమర్జెన్సీ తలుపుకి అడ్డంగా సీటు వేశారేమో, హ్యాండిల్ తిరుగుతుందో లేదో మీ చేత్తో తిప్పి చూడండి. అద్దాలు పగలగొట్టే సుత్తి ఎక్కడుందో అడగండి. డ్రైవరు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.